లెదర్ పగడం పళ్లెమంత అయింది, కొయ్యాలా వద్దా?

మూడులాంతర్లు (విజయనగరం)
2024 అక్టోబర్ 20, రాత్రి 9:52

అందరికీ నమస్కారం. ఎప్పుడూ చదివి వెళ్లిపోయేవాణ్ని, ఈసారి రాయక తప్పడం లేదు.

నాది మూడడుగుల ఉప్పునీటి అక్వేరియం ట్యాంకు. వెడల్పు అడుగున్నర, ఎత్తు అడుగున్నర. రాళ్లూ ఇసుకా పోగా 160 లీటర్ల నీళ్లు ఉంటాయేమో. పెట్టి రెండున్నరేళ్లయింది. రెండు క్లౌన్ చేపలు, ఒక గోబీ చేప. పగడాల్లో ఒక టోడ్‌స్టూల్ లెదర్ (పుట్టగొడుగులా ఉండే మెత్తటి పగడం), చిన్న పూల్లాంటి జోవాలు నలభై దాకా, బిళ్లల్లా ఉండే ఎర్ర మష్రూమ్ పగడాలు ఓ పది, వెనక అద్దం మీద పచ్చికలా పరుచుకున్న జీఎస్‌పీ (గ్రీన్ స్టార్ పాలిప్స్).

బాధంతా లెదర్‌తోనే. తెచ్చినప్పుడు నిమ్మకాయంత ఉండేది, ఇప్పుడు టిఫిన్ ప్లేటంత. గొడుగు విప్పినట్టు విప్పుకుని కిందున్న జోవాల మీద నీడ పరిచేసింది. అవి వెలుగు కోసం మెడలు సాచి సాచి కాడల్లా తయారయ్యాయి. మొన్న సిరిమాను పండక్కి వచ్చిన మా చిన్నాన్న చూసి, "పుట్టగొడుగు కూర ఎప్పుడురా?" అని అడిగి వెళ్లారు.

కోసి ముక్కలు చేసుకోమంటున్నారు తెలిసినవాళ్లు. వీడియోల్లో కసుక్కున కోసేస్తున్నారు. నాకు చెయ్యి రావడం లేదు. మొక్క కాదు కదా, బతికున్న జీవి. కోస్తే నిజంగా బతుకుతుందా? లెదర్ కోసి ట్యాంకు మొత్తం పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారని కూడా విన్నాను. టెన్షన్‌గా ఉంది.

కొత్తనీళ్లు (రాజాం)
అక్టోబర్ 20, రాత్రి 9:58

అన్నా ఒక ముక్క నాకు!! ఫస్ట్ నేనే అడిగాను, అందరూ సాక్ష్యం.

నాగావళిగట్టు (శ్రీకాకుళం)
అక్టోబర్ 20, రాత్రి 10:31

ఇంకా కత్తి పట్టనే లేదు, అప్పుడే పంపకాలా.

మూడులాంతర్లు గారూ, బతుకుతుంది. మీకు కనిపిస్తున్నది ఒక్క జంతువు కాదు. ఆ పళ్లెం మీద పొద్దున్న లేచే తెల్లటి పూలున్నాయి చూశారా, ఒక్కొక్కటీ ఒక పాలిప్. అన్నిటినీ కలిపి పట్టుకున్న కండ ఒకటే, అన్నీ ఒకే తల్లి నకళ్లు. అందులోంచి రూపాయి బిళ్లంత ముక్క విడిపోయినా దానికి కావలసినవన్నీ దాంట్లోనే ఉంటాయి. కండలో కాపురముండే సూక్ష్మమైన నాచు వెలుగు తిని దానికి అన్నం పెడుతుంది. సముద్రంలో తుపాను వచ్చినప్పుడు పగడాలు విరిగి, ఆ విరిగిన ముక్కలు పడినచోటే అతుక్కుని బతికే సందర్భాలు చాలా ఉన్నాయి. మనం బ్లేడుతో చేసేది అదే పని, కాస్త శుభ్రంగా.

కొయ్యడం పది నిమిషాల పని. దానికి ముందు రెండు వారాలు, తర్వాత రెండు వారాలు, అసలు కథంతా అక్కడుంది. ముందు మీ నీళ్ల లెక్కలు చెప్పండి. ఉప్పు ఎంత, దేంతో కొలిచారు? ఆల్కలినిటీ, నైట్రేట్, ఫాస్ఫేట్? ఆ నీళ్లు ఎక్కడివి?

జీడిఅంటు (పలాస)
అక్టోబర్ 20, రాత్రి 10:47

గురువు గారు చెప్పింది నిజం. మా ఇంట్లో జీడి అంట్లు కట్టే పని. మా నాన్న అంటు కట్టేటప్పుడు ఒకటే అంటారు: తల్లి చెట్టు నీరసంగా ఉన్న ఏడాది కొమ్మ తియ్యొద్దు. పగడానికీ అంతే. ఒక తేడా ఏంటంటే మొక్కకి కణుపు చూసి కొయ్యాలి, దీనికి కణుపుతో పనిలేదు.

మూడులాంతర్లు
అక్టోబర్ 21, ఉదయం 6:40

నీళ్లు చింతపల్లి సముద్రానివి. నెలకోసారి బైకు మీద రెండు 20 లీటర్ల క్యాన్లు తెస్తాను. లైట్‌హౌస్ దాటాక జనం లేని చోట పడతాను. ఇంట్లో రెండ్రోజులు నిలవుంచి, మెత్తటి గుడ్డలో వడకట్టి పోస్తాను.

ఉప్పు సాంద్రత లెక్కలో 1.025. ముల్లు ఊగే ప్లాస్టిక్ డబ్బా ఉంది కదా, దాంతోనే చూశాను. ఆల్కలినిటీ 8, కాల్షియం 410, నైట్రేట్ 10, ఫాస్ఫేట్ 0.08. వేడి 27.5.

హ్యాచరీ_రాత్రిడ్యూటీ (పూసపాటిరేగ)
అక్టోబర్ 21, ఉదయం 8:15

బాబూ, ఆ 1.025 నేను నమ్మను.

రొయ్య పిల్లల హ్యాచరీలో పదకొండేళ్లుగా రోజూ సముద్రం నీళ్లు కొలుస్తున్నాను. వేసవిలో మన ఒడ్డున ఉప్పు వెయ్యికి 33, 34 పాళ్లు ఉంటుంది. సెప్టెంబర్ దాటాక అమాంతం పడిపోతుంది. వానలొక్కటే కాదు, పైనున్న మహానది, గంగ నీళ్లన్నీ ఈ నెలల్లో ఒడ్డు వెంబడే దక్షిణానికి దిగుతాయి. అక్టోబర్‌లో 30 కంటే తక్కువ చూడటం మాకు మామూలే. అలాంటిది నీకు 33, 34కి సరిపడా రీడింగ్ ఎలా వచ్చింది? ఆ ముల్లుకి బుడగలు అంటుకుంటే పైకి లేచి ఎక్కువ చూపిస్తుంది. ఉప్పు పేరుకుంటే ఇంకోలా అబద్ధం చెబుతుంది.

నాకు శుక్రవారం విజయనగరంలో పనుంది. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్ తెస్తాను. ఒక్క చుక్క చాలు.

కొత్తనీళ్లు
అక్టోబర్ 21, మధ్యాహ్నం 1:20

ఇక్కడే అడగొచ్చా? నాకు ఆన్‌లైన్‌లో ఒకాయన ఆక్రోపోరా ముక్కలు ఇస్తానన్నాడు, నీలం రంగువి, మూడు. డబ్బు పంపితే బస్సులో వేస్తాడట. సాఫ్ట్ కోరల్స్ బోర్ కదా, ఇలా కొమ్మల్లా పెరిగే గట్టి పగడాలు (స్టిక్స్) పెడదామని.

నాగావళిగట్టు
అక్టోబర్ 21, మధ్యాహ్నం 1:44

తమ్ముడూ, డబ్బు పంపకు.

రాతి అస్థిపంజరం కట్టే గట్టి పగడాలన్నీ 2001 నుంచి మన వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. పులి ఏ షెడ్యూల్లో ఉందో అదే. నల్ల పగడం, ఆర్గన్ పైప్, ఫైర్ కోరల్, సముద్రపు విసనకర్రలు కూడా అందులోనే. సముద్రంలోంచి తీసినా, కొన్నా, అమ్మినా కేసే. "ఇది సముద్రానిది కాదు, నా ట్యాంకులో కోసిన ముక్క" అన్నా అటవీ శాఖవాళ్ల ముందు నువ్వు నిరూపించలేవు. చచ్చిన పగడం రాయి ఒడ్డున దొరికినా అక్కడే వదిలెయ్. మన్నార్ సింధుశాఖలో దశాబ్దాల పాటు పగడపు రాళ్లు తవ్వి సున్నానికీ, కట్టడాలకీ తోలేశారు. ఆ చట్టం ఊరికే రాలేదు.

ఈ చర్చలో మనం మాట్లాడుకునేవి లెదర్, జోవా, మష్రూమ్, జీఎస్‌పీ, జీనియా. ఇవి ఆ జాబితాలో లేవు. అవి కూడా ఇంకో హాబీయిస్టు ఇంట్లో పెరిగిన ముక్కలే తీసుకో.

బోర్ అన్నావు కాబట్టి ఒక మాట. నాకు తొమ్మిదేళ్ల ట్యాంకు. రోజూ రాత్రి కూర్చుని చూసేది జీనియానే. చేతులు తెరిచి మూసి, తెరిచి మూసి, ఎవరూ చెప్పకుండానే ఊపిరి తీస్తున్నట్టుంటుంది.

కొత్తనీళ్లు
అక్టోబర్ 21, మధ్యాహ్నం 1:49

సారీ గురువు గారు. పంపలేదు.

జీడిఅంటు
అక్టోబర్ 22, రాత్రి 8:05

తుపాను హెచ్చరిక ఉంది, దానా అట. మూడులాంతర్లు అన్నయ్యా, అది దాటేదాకా బ్లేడు జోలికి వెళ్లకు. కోసిన రెండో రోజు కరెంటు పోతే ముక్కలు కుళ్లి నీళ్లన్నీ పాడవుతాయి.

తిత్లీ తుపాను మా పలాస దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబర్ 11, ఇంకా తెల్లారలేదు. మా వీధికి కరెంటు వచ్చేసరికి తొమ్మిది రోజులు పట్టింది. జీడి తోటలు వేర్లతో సహా పడిపోయి ఉంటే ఇంట్లో ట్యాంకు గురించి ఎవరితో చెప్పుకుంటాను? రాత్రిపూట చెంబుతో నీళ్లు ముంచి పైనుంచి పోస్తూ కూర్చునేవాణ్ని, గాలి కలుస్తుందని. చేపలు రెండో రోజే పోయాయి. జోవాలు సగం పోయాయి. మష్రూమ్‌లు మాత్రం బటానీ గింజల్లా ముడుచుకుని ఉండి, కరెంటొచ్చిన వారానికి మళ్లీ విచ్చుకున్నాయి. ఇప్పుడు నా దగ్గరున్న మష్రూమ్‌లన్నీ వాటి పిల్లలే.

అప్పట్నుంచీ బ్యాటరీ ఎయిర్ పంపు రెండు, ఇన్వర్టర్‌కి నీళ్లు కదిలించే వేవ్‌మేకర్ ఒకటి.

హ్యాచరీ_రాత్రిడ్యూటీ
అక్టోబర్ 25, సాయంత్రం 6:30

తుపాను ఒడిశా వైపు పోయింది. మేం మూడులాంతర్ల వారింటికి వెళ్లొచ్చాం. వాళ్ల అమ్మగారు చేసిన గారెలు మూడు తిన్నాం. ఉప్పు 29.

మూడులాంతర్లు
అక్టోబర్ 25, సాయంత్రం 7:02

29! రెండున్నరేళ్లుగా ఆ ప్లాస్టిక్ డబ్బాని నమ్మాను. అమ్మ ముందు పరువు పోయింది. "ఉప్పు సరిపోయిందో లేదో నన్నడిగితే చెప్పేదాన్ని కదరా" అంటోంది.

ఇప్పుడు ఒకేసారి ఉప్పు కలిపెయ్యనా?

హ్యాచరీ_రాత్రిడ్యూటీ
అక్టోబర్ 25, సాయంత్రం 7:10

వద్దు వద్దు. రోజూ ఆవిరైన నీటికి బదులు మంచినీళ్లు పోస్తున్నావు కదా, అది ఆపి, సాల్ట్ మిక్స్ కలిపిన 35 నీళ్లు పొయ్యి. రెండ్రోజులకి ఒక పాయింట్ మించి పెరగకూడదు. 29 నుంచి 35కి పన్నెండు రోజులు వేసుకో. మధ్యలో తగ్గినా పెరిగినా నాకు చెప్పు.

రిఫ్రాక్టోమీటర్ కొనుక్కుంటే దాన్ని ఉత్తి ఆర్వో నీళ్లతో సున్నాకి పెట్టి వదిలెయ్యకు. 35 స్టాండర్డ్ ద్రావణం చిన్న సీసా దొరుకుతుంది, దాంతో సరిచూడు. మనం కొలిచేది 35 దగ్గర కానీ సున్నా దగ్గర కాదు కదా.

నాగావళిగట్టు
అక్టోబర్ 25, రాత్రి 9:15

అదీ సంగతి. తక్కువ ఉప్పులో ఉన్న పగడాన్ని కోసి ఉంటే గాయం మానేది కాదు, అప్పుడు మనం బ్లేడుని తిట్టేవాళ్లం.

ఈ పన్నెండు రోజుల్లో సమకూర్చుకోవాల్సినవి: ఆపరేషన్ బ్లేడ్లు కొత్తవి నాలుగు. జెల్ రకం సూపర్ గ్లూ, నీళ్లలా కారేది కాదు. నీళ్లలోని రసాయనాల్ని పీల్చే యాక్టివేటెడ్ కార్బన్ తాజాది పావు కిలో. పెళ్లికూతురి ముసుగుకి వాడే సన్న వల గుడ్డ అరమీటరు. రబ్బరు బ్యాండ్లు. ట్యాంకు నీళ్లు పట్టడానికి మూడు ప్లాస్టిక్ డబ్బాలు, ఇంట్లో వంటకి వాడనివి. చేతులకి నైట్రైల్ గ్లవ్స్, కళ్లకి అద్దాలు.

కళ్లద్దాలు తమాషాకి చెప్పలేదు. దాని గురించి బొబ్బిలివీణ గారు చెబితేనే బాగుంటుంది.

బొబ్బిలివీణ (బొబ్బిలి)
అక్టోబర్ 26, మధ్యాహ్నం 3:30

చెబుతాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది, ఎందుకంటే నేను నర్సుని.

మూడేళ్ల కిందట ఒక రాయి నిండా గోధుమ రంగు పాలిథోవా పట్టేసింది. జోవాలకి పెద్దమ్మ కూతురు లాంటిది. ఎంత గీకినా పోదు. విసుగొచ్చి రాయిని బక్కెట్లో వేసి మరిగిన నీళ్లు పోసి, బ్రష్‌తో తోమాను. వంటగది కిటికీ మూసి ఉంది. అరగంటకి నోట్లో రాగి చెంబు నాకినట్టు చేదు. గంటన్నరకి దగ్గు, చలి, ఒళ్లంతా విరిచేసినట్టు నొప్పులు. రాత్రి నేను డ్యూటీ చేసే వార్డులోనే నాకు ఆక్సిజన్ పెట్టారు. డాక్టరు గారు ఏం తిన్నావమ్మా అంటే "ఏం తినలేదు సార్, రాయి కడిగాను" అన్నాను. ఆయనకి పగడాల గురించి ఫోన్‌లో చూపించి చెప్పాల్సి వచ్చింది.

ఆ విషం పేరు పాలిటాక్సిన్. హవాయిలో ఒక పాలిథోవా నుంచి 1971లో వేరు చేశారు. సముద్ర జీవుల్లో దొరికే విషాల్లో చాలా ఘాటైనది. అన్ని జోవాల్లోనూ ఒకేలా ఉండదు, కొన్నిట్లో దాదాపు లేదు, కొన్నిట్లో చాలా ఎక్కువ. రంగు చూసి చెప్పలేం. అందుకని అన్నిట్లోనూ ఉన్నట్టే అనుకోవాలి. మామూలుగా ట్యాంకులో ఉంటే ఏమీ కాదు. కోసినప్పుడు చిమ్మే నీరు కంట్లో పడితే, చేతి మీద గాయముంటే, వేడి చేస్తే ఆవిరి పీలిస్తే ప్రమాదం. కాబట్టి వేడినీళ్లు వద్దు, పొడిగా గీకడం వద్దు, గ్రైండర్ అసలే వద్దు. కిటికీలు తీసి ఉంచండి. పిల్లల్నీ పిల్లినీ గదిలోంచి పంపెయ్యండి. అయ్యాక వాడిన నీళ్లలో బ్లీచ్ కలిపి అరగంట ఉంచి పారబొయ్యండి. ఏదైనా తేడా అనిపిస్తే ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి వెళ్లి, జోవా కోశానని మీరే చెప్పండి. వాళ్లకై వాళ్లకి తట్టదు.

కొత్తనీళ్లు
అక్టోబర్ 26, మధ్యాహ్నం 3:41

అక్కా నేను నిన్న ఉత్తి చేతులతో జోవా రాయి జరిపాను 😟

బొబ్బిలివీణ
అక్టోబర్ 26, మధ్యాహ్నం 3:50

చేతి మీద గాయాలు లేకపోతే సబ్బుతో కడుక్కో నాయనా, కళ్లు నలుపుకోకు. ఇకమీదట గ్లవ్స్.

ఈపూటకితగ్గ (శ్రీకాకుళం)
అక్టోబర్ 28, రాత్రి 11:12

అందరూ కొయ్యమనే అంటున్నారు, నేనొక్కణ్ని అడ్డం చెబుతాను. ఆ రాయిని ట్యాంకులో ఇంకో మూలకి జరిపితే నీడ సమస్య తీరిపోతుంది కదా? నేను ఇలాగే అనుకుని, పెరిగిందని కోశాను. ట్యాంకులోనే కోశాను. తెల్లారేసరికి నీళ్లు పాలలా ఉన్నాయి, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి, మిగతా పగడాలన్నీ మూతులు ముడిచాయి. రెండు చేపలు పోయాయి. ఎందుకొచ్చిన గొడవ.

నాగావళిగట్టు
అక్టోబర్ 29, ఉదయం 7:00

మీ బాధ అర్థమైంది. రాయి జరపడం మంచి సలహానే, జరిగేదైతే. కార్బన్ వేశారా అప్పుడు?

ఈపూటకితగ్గ
అక్టోబర్ 29, ఉదయం 7:20

లేదు. అప్పుడు తెలీదు.

నాగావళిగట్టు
అక్టోబర్ 29, ఉదయం 7:48

లెదర్‌కి కదలడం, కరవడం చేతకావు. దాని ఆయుధం రసాయనాలే. మామూలు రోజుల్లోనే కొంచెం కొంచెం నీళ్లలోకి వదిలి పక్కవాళ్లని దూరం పెడుతుంది. కోస్తే లోపలున్నదంతా ఒక్కసారి బయటికొస్తుంది, జిగురుతో సహా. ఆ జిగురు కుళ్లితే ఆక్సిజన్ పోతుంది. అందుకే వీలైతే రాయితో సహా బయటికి తీసి, వేరే డబ్బాలో ట్యాంకు నీళ్లలో పెట్టి కొయ్యాలి. వీలుకాకపోతే కోసేచోట సైఫన్ పైపు మూతి పెట్టి, కోస్తున్నంతసేపూ ఆ జిగురు నీళ్లు బక్కెట్లోకి లాగేస్తుండాలి. కార్బన్ ముందు రోజే పడాలి.

మూడులాంతర్లు
అక్టోబర్ 29, రాత్రి 9:30

రాయి జరగదు గురువు గారూ, కింద రాయితో సిమెంటు వేసినట్టు అతుక్కుపోయింది. సైఫన్ పద్ధతే.

ఇంకోటి. కోసిన ముక్కలు అతికించే ప్లగ్‌లు ఇక్కడ దొరకడం లేదు. దీపావళికి కొన్న మట్టి ప్రమిదలు ఉన్నాయి, రంగు వెయ్యనివి. వాటిలో పెట్టొచ్చా?

హ్యాచరీ_రాత్రిడ్యూటీ
అక్టోబర్ 30, ఉదయం 8:40

నూనె తగలనివైతే చూడొచ్చు. ఉప్పు నీళ్లలో వారం నానబెట్టి, ఆ నీళ్లలో ఫాస్ఫేట్ టెస్టు చెయ్యి. పెరిగితే పారెయ్.

నాగావళిగట్టు
అక్టోబర్ 30, ఉదయం 9:05

ఐడియా బాగుంది. మష్రూమ్‌లకి అలా గుంట ఉన్న గిన్నెలే కావాలి. ఆ మట్టి ఎక్కడిదో మనకి తెలియదు కాబట్టి రెండు మూడు మించి పెట్టకు. లెదర్‌కి నా దగ్గర సెరామిక్ ప్లగ్‌లు ఇరవై ఉన్నాయి, పంపిస్తాను.

మూడులాంతర్లు
నవంబర్ 7, రాత్రి 8:10

ఉప్పు 35. హ్యాచరీ అన్నయ్య స్వయంగా వచ్చి చూశారు. లెదర్ ముందుకంటే బాగా విచ్చుకుంటోంది, ఆ తేడా నాకే తెలుస్తోంది. ప్రమిదలు పాసయ్యాయి.

సోమవారం సెలవు పెట్టి కోద్దామనుకున్నాను. అమ్మ ఒప్పుకోలేదు. "కార్తీక సోమవారం పూట ప్రాణమున్నదాన్ని కోస్తావా?" అంది. ఆదివారానికి జరిపాను. ఆదివారమైతే ఫరవాలేదట, లెక్క నాకర్థం కాలేదు.

మూడులాంతర్లు
నవంబర్ 10, రాత్రి 10:20

అయిపోయింది. ఇంకా చేతులు వాసనొస్తున్నాయి, రెండు జతల గ్లవ్స్ వేసుకున్నా సరే. పచ్చి చేపకీ తడి గోనె సంచికీ మధ్యలో ఉంది ఆ వాసన.

పొద్దున్న పదింటికి మొదలుపెట్టాను. వేవ్‌మేకర్, నురగతో మురికి తీసే స్కిమ్మర్ ఆపాను. లెదర్‌ని వేళ్లతో మెల్లగా నొక్కితే పూలన్నీ లోపలికి పోయి, ఐదు నిమిషాల్లో పళ్లెం మందమైన ఊతప్పంలా ముడుచుకుంది. మా తమ్ముడు సైఫన్ పైపు పట్టుకున్నాడు. కొత్త బ్లేడు పెట్టి అంచు నుంచి లోపలికి ఒక్క లాగు. లేత తాటిముంజ కోసినట్టు దిగింది. మధ్యకి వచ్చేసరికి మాత్రం కర్‌కర్‌మని ఇసుక తగిలింది.

నాగావళిగట్టు
నవంబర్ 10, రాత్రి 10:26

దాని ఎముకలే అవి. రాతి అస్థిపంజరం లేకపోయినా కండలో సున్నపు ముళ్లు లెక్కలేనన్ని ఉంటాయి. నిలబడేది చాలావరకూ వాటితోనే. తర్వాత?

మూడులాంతర్లు
నవంబర్ 10, రాత్రి 10:55

కాడ మీద రెండంగుళాలు వదిలి పళ్లెం మొత్తం తీసేశాను. తీసేటప్పుడు గుండె ఝల్లుమంది. మోడు చూస్తే పాపం అనిపించింది. పళ్లెం డబ్బాలో పెట్టి తొమ్మిది ముక్కలు చేశాను, ఒక్కొక్కటి అంగుళంన్నర. జిగురు పోయేదాకా రెండు డబ్బాల నీళ్లలో జాడించి, సబ్బు కలవని పోవిడోన్ అయోడిన్ లేత టీ రంగు వచ్చేదాకా కలిపిన మూడో డబ్బాలో పది నిమిషాలు ఉంచాను.

తర్వాత గ్లూ. అదో పెద్ద తమాషా. గ్లూ పెడతాను, ముక్క కూర్చుంటుంది, నీళ్లలో పెడతాను, ముక్క ఒక పక్కకీ గ్లూ ఒక పక్కకీ. జిగురు మీద ఏ గ్లూ నిలుస్తుంది? మూడు ముక్కలు అలా ఊడాక మానేసి, ప్లగ్ మీద పెట్టి వల గుడ్డ కప్పి రబ్బరు బ్యాండ్ వేశాను. అంత బిగించలేదు, వల లోపల ముక్క కదలకుండా ఉంటే చాలన్నట్టు. ఎనిమిది అయ్యాయి. తొమ్మిదోది కనబడలేదు! నీళ్లలోకి జారిపోయినట్టుంది. ట్యాంకంతా టార్చి వేసి వెతికాం.

మష్రూమ్‌లు రెండు కూడా కోశాను, నోటి మధ్యలోంచి నాలుగు ముక్కలుగా. ప్రమిదలో గులకరాళ్ల మీద వేసి పైన వల కట్టి, నీటి జోరు తగలని మూలన పెట్టాను. జోవాల జోలికి వెళ్లలేదు. ధైర్యం చాల్లేదు.

కార్బన్ నిన్న రాత్రే వేశాను. సాయంత్రం 40 లీటర్లు నీళ్లు మార్చాను. చేపలు మామూలుగానే తింటున్నాయి.

జీడిఅంటు
నవంబర్ 10, రాత్రి 11:05

భలే అన్నయ్యా! ఇక ముట్టుకోకు. మా నర్సరీలో కొత్తగా చేరిన కుర్రాళ్లు అంటు అతుక్కుందా లేదా అని రోజూ కట్టు విప్పి చూస్తారు. సగం అంట్లు అలాగే చస్తాయి.

కొత్తనీళ్లు
నవంబర్ 13, రాత్రి 7:00

అన్నా అప్‌డేట్? 3 రోజులైంది

మూడులాంతర్లు
నవంబర్ 13, రాత్రి 9:12

ఏమీ లేదు. అన్నీ ముడుచుకుని బూడిద రంగులో ఉన్నాయి. మోడు మీద మైనం పూత లాంటి పొర పట్టింది. చచ్చిపోతోందా?

నాగావళిగట్టు
నవంబర్ 13, రాత్రి 9:20

లేదు. లెదర్‌కి అలవాటది, పై పొరని పాము కుబుసంలా విడిచేస్తుంది. కొంచెం నీటి జోరు తగిలేలా చూడు, పొర దానంతటదే ఊడుతుంది. భయపడాల్సింది మెత్తబడి, గోధుమ రంగు జావలా కారి, కుళ్లు కంపు కొడితే. అలాంటి ముక్క కనిపిస్తే ఆలోచించకుండా తీసి పారెయ్. పక్కవాటికి అంటుతుంది.

మూడులాంతర్లు
నవంబర్ 16, ఉదయం 6:15

ఒక ముక్క పోయింది. మీరు చెప్పిన జావే. తీసేశాను. ఏడు మిగిలాయి.

మూడులాంతర్లు
నవంబర్ 22, రాత్రి 9:40

పన్నెండో రోజు. మోడు మీద పొర నిన్న ఊడి నీళ్లలో తేలింది. ఇవాళ పొద్దున్న లైటు వెలిగిన గంటకి కాడ పక్కల నుంచి సన్నటి పూలు, లెక్కపెట్టాను, పదకొండు. అమ్మని పిలిచి చూపించాను. "తలకాయ తీసేసినా నవ్వుతోందిరా" అంది.

వల విప్పి చూస్తే ముక్కల్లో ఐదు ప్లగ్‌కి గట్టిగా పట్టేశాయి. రెండు ఇంకా కదులుతున్నాయి, మళ్లీ కట్టాను. మష్రూమ్ ముక్కలు ఎనిమిదిలో ఆరు గులకరాళ్లకి అతుక్కున్నాయి, చిన్న గుండీల్లా ఉన్నాయి. జోవాల మీద ఇప్పుడు నేరుగా వెలుగు పడుతోంది. వాటికి కూడా అలవాటవ్వాలని లైటు కాస్త తగ్గించాను.

హ్యాచరీ_రాత్రిడ్యూటీ
నవంబర్ 22, రాత్రి 9:58

అదీ. మరి పంపకాలు?

మూడులాంతర్లు
నవంబర్ 22, రాత్రి 10:15

డబ్బులొద్దు ఎవరూ ఇవ్వకండి. గురువు గారికి ఒకటి, జీనియా కొమ్మ బదులు. పలాసకి ఒకటి, మష్రూమ్‌ల బదులు. బొబ్బిలివీణ గారికి ఒకటి. కొత్తనీళ్లకి ఒకటి, సాక్షులున్నారు కాబట్టి. హ్యాచరీ అన్నయ్యకి ఆ కదులుతున్న రెండిట్లో ముందు పట్టుకున్నది.

ఈపూటకితగ్గ గారూ, మీకు అభ్యంతరం లేకపోతే ఐదోది మీకు.

ఈపూటకితగ్గ
నవంబర్ 22, రాత్రి 11:30

ఇవ్వండి. ఈసారి కార్బన్ ముందే కొంటాను.

నాగావళిగట్టు
నవంబర్ 23, ఉదయం 7:25

తెచ్చే పద్ధతి చెబుతాను, కవర్లో ఊరికే పడేస్తే ప్లగ్ దొర్లి ముక్క నలిగిపోతుంది. చిన్న థర్మోకోల్ ముక్కకి కన్నం పెట్టి, ప్లగ్ కాడ అందులో గుచ్చి, తలకిందులుగా నీళ్లలో తేలెయ్. పగడం కిందకి వేలాడుతూ దేనికీ తగలదు. కవర్లో మూడొంతుల నీళ్లు, పైన గాలి, రెండు కవర్లు ఒకదాంట్లో ఒకటి, మొత్తం థర్మోకోల్ డబ్బాలో. ఇంటికెళ్లాక ముందు కవరు తేలేసి వేడి సమానం చేసి, అరగంట పాటు ట్యాంకు నీళ్లు కొంచెం కొంచెంగా కలిపి, ముక్క మాత్రమే ట్యాంకులో పెట్టండి, కవరు నీళ్లు పోయొద్దు. మొదటి వారం కింద, వెలుగు తక్కువున్న చోట.

మూడులాంతర్లు
డిసెంబర్ 1, సాయంత్రం 6:50

ఇవాళ శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో గురువు గారికీ, ఈపూటకితగ్గ గారికీ అప్పగించాను. బస్సులో కండక్టరు డబ్బా చూసి "రొయ్యలా?" అన్నాడు. కాదు పగడం అంటే ఉంగరాలు చూపించమన్నాడు.

నాగావళిగట్టు
డిసెంబర్ 4, రాత్రి 9:00

మూడో రోజే విచ్చుకుంది. జీనియా మీ ట్యాంకులో ఊపుతోందా?

మూడులాంతర్లు
డిసెంబర్ 4, రాత్రి 9:18

ఊపుతోంది. ఇంకో సంగతి. ఇవాళ వేవ్‌మేకర్ శుభ్రం చేద్దామని తీస్తే, దాని వెనక రాతి సందులో తొమ్మిదో ముక్క! ఎవరూ కట్టలేదు, అయోడిన్ లేదు, వల లేదు, అన్నిటికంటే అదే బాగా పట్టుకుని పూలు కూడా వేసింది.

హ్యాచరీ_రాత్రిడ్యూటీ
డిసెంబర్ 4, రాత్రి 9:31

నాకు ఇస్తానన్న కదిలేది ఇంకా కదులుతూనే ఉందన్నావు కదా. ఆ తొమ్మిదోది ఇచ్చెయ్.

మూడులాంతర్లు
డిసెంబర్ 4, రాత్రి 9:35

అది రాయికి పట్టేసింది అన్నయ్యా, ఊడాలంటే మళ్లీ బ్లేడే.

హ్యాచరీ_రాత్రిడ్యూటీ
డిసెంబర్ 4, రాత్రి 9:37

కార్తీకం వెళ్లిపోయింది. ఏ రోజైనా రెడీ, సైఫన్ నేను పడతాను. గారెలు ఉంటాయా?